రిపోర్టులో రాయనివి

హంసినీ, ఈ నిచ్చెన కాస్త పట్టుకో.
వంటగదిలో ఆ గ్రానైట్ చూసి మురిసిపోకు,
ఇళ్ళు అబద్ధాలు దాచుకునేది
అటకలో, సింకు కింద.

ఈ నెలలో ఈ వీధికి రావడం ఆరోసారి నేను.
మార్చి నుంచీ స్టాక్టన్‌లో చుక్క వాన లేదు,
అయినా ఇళ్ళన్నీ నీళ్ళలో మునిగాయంటారు.
ఇంటి ధర కన్నా అప్పు ఎత్తు పెరిగితే
ఇక్కడివాళ్ళ లెక్కలో అది వరదే.
సామాను తడవదు.
మనుషులే కొట్టుకుపోతారు.

పక్కింటి ఈతకొలను చూశావా?
గోంగూర ఉడికించిన నీళ్ళలా ఉంది.
కప్పలు కాపురం పెట్టాయి,
నెలవారీ వాయిదా లేని కాపురం.

తొందరపడకు.
ఇంతకన్నా తగ్గదని నీ చెవిలో ఊదే ఏజెంటే
అమ్మేవాడి చెవిలో ఇంకా తగ్గుతుందని ఊదుతాడు.
అడుగు ఎక్కడుందో ఎవడికీ తెలియదు,
కాలు ఆనిందని తెలిసేసరికి
అప్పటికే పైకి తేలుతూ ఉంటాం.

నీ జీతం ఆగితే ఒక లెక్క,
మార్కస్ జీతం ఆగితే ఒక లెక్క,
రెండూ వేరే వేరే కాగితాల మీద వేసుకోండి.
బ్యాంకు ఇస్తానన్నది మీ తాహతు కాదు,
దాని ఆకలి.
రెండేళ్ళు సన్నగా ఉండి
తర్వాత ఒళ్ళు చేసే వడ్డీని గుమ్మం తొక్కనివ్వకు.

గొట్టాలు వంగి చూడు. తట్టి చూడు.
ఖాళీ ఇంట్లో రాగికి
రాత్రికి రాత్రే కాళ్ళొస్తాయి.

ఇల్లు కట్టి చూడమన్నారు మనవాళ్ళు,
పెళ్ళి చేసి చూడమన్నారు.
అమ్మి చూడమని ఎవరూ అనలేదు,
అంత ధైర్యం సామెతకి కూడా లేకపోయింది.

ఎదురింటి వెర్నన్ రోజూ పొద్దున్నే
కంప్యూటర్లో తన ఇంటి ధర చూసుకుంటాడు,
పిల్లాడి నుదుటి మీద చెయ్యి వేసి చూసినట్టు.
అమ్మబోని ఇంటికి ధరెందుకయ్యా అన్నాను.
బ్యాంకు ఉత్తరాలు సొరుగులో కుక్కకు, విప్పు,
మూడోది రాకముందే నువ్వే ఫోన్ చెయ్యి,
కార్డు గీకి వాయిదా కట్టకు,
అది కిరసనాయిలు పోసి మంట ఆర్పడమే అన్నాను.
తల ఊపాడు.
విన్నాడో లేదో గానీ నిన్న చూస్తే
గుమ్మానికి నీలం రంగు వేసుకుంటున్నాడు.

ఈ టార్చి అందుకో.
నిజం చెప్పనా?
ఇన్ని ఇళ్ళ పక్కటెముకలు లెక్కపెట్టినవాణ్ణి,
నా ఇంటికి నేను నిచ్చెనే వెయ్యలేదు.
రెండువేల ఆరు, సెప్టెంబరు.
పడమటి కిటికీలోంచి పడ్డ ఎండలో
మా ఆవిడ చెప్పులు విప్పి నిలబడింది.
అంతే. సంతకం పెట్టేశాను.
ఇప్పుడది కొన్న ధరలో సగం.
ఎండ మాత్రం
ఇంకా సాయంత్రం అయిదున్నరకి
అదే చోట పడుతోంది.

సరే, రాసుకో.
అటకలో ఎలుకల్లేవు.
హీటరుకి పన్నెండేళ్ళు, అది చూపించి తగ్గించమను.
పునాదిలో పగులు వెంట్రుకంత, కంగారు లేదు.

సంతకానికి ముందు ఒక్క పని చెయ్యి.
ఏదో ఒక మంగళవారం రాత్రి తొమ్మిదింటికి వచ్చి
కారు ఆపి, లైట్లు ఆర్పి కూర్చో.
ఈ వీధిలో ఎన్ని కిటికీలు వెలుగుతున్నాయో లెక్కపెట్టు.
సగం దాటితే కొను.
దాటకపోతే,
అద్దె ఇంట్లో ఇంకో ఏడాది ఉంటే పరువేం పోదు.

ఫీజు మూడువందల యాభై.
కిటికీల సంగతికి ఏమీ అక్కర్లేదు.
పెరట్లో నిమ్మచెట్టు చూశావుగా,
మనుషులు వెళ్ళి ఎనిమిది నెలలైనా
వెనకింటి డెల్ఫీనా గోడ మీదుగా పైపు వేసి తడుపుతోంది.
బ్యాంకువాడి జాబితాలో ఆ కాయలు లేవు.
నాలుగు కోసుకో,
రెండు ఆమెకియ్యి.